పెంగ్విన్ ఓడ, ఫెయిలైన బోరు, మిగిలిన మ్యాపు

యుద్ధనౌకల గురించి చదివే పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఒక జబ్బు ఉంటుంది, నాకూ ఉంది. ఏ ఓడ పేరు వినబడినా ముందు అడిగేది ఎన్ని ఫిరంగులు, ఎవర్ని ముంచింది, చివరికి దాన్ని ఎవరు ముంచారు అని. ఆ లెక్కన చూస్తే బ్రిటిష్ నేవీ ఓడ హెచ్ఎంఎస్ పెంగ్విన్‌కి పాస్ మార్కులు కూడా పడవు. 1876 మార్చిలో గ్లాస్గో పక్కన గోవన్‌లో రాబర్ట్ నేపియర్ వాళ్ల యార్డులో నీళ్లలోకి దిగింది, 1960లో సిడ్నీ హార్బర్‌లో దాన్ని తగలబెట్టేశారు, మధ్యలో ఎనభై నాలుగేళ్లు, అందులో పేరున్న సముద్ర యుద్ధం ఒక్కటీ లేదు. అయినా సరే, విక్టోరియా రాణి కాలం నాటి బ్రిటిష్ నేవీలో ఇవాళ్టికీ ఎవరికో ఒకరికి పని చేసిపెడుతున్న ఓడ ఏదంటే నేను ఇనుప కవచం తొడిగిన పెద్ద పెద్ద ఐరన్‌క్లాడ్‌ల పేర్లు చెప్పను, ఇలాంటి చిన్న ఓడల పేర్లే చెప్తా. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఓపికుంటే చదవండి.

ముందు ఓడ సంగతి. పెంగ్విన్ ఆస్ప్రే క్లాస్ స్లూప్. స్లూప్ అంటే ఆ రోజుల్లో నేవీలో చిన్నతరం ఓడ, ఫ్లీట్‌తో కలిసి యుద్ధానికి వెళ్లేది కాదు, ఎక్కడో ఇంగ్లాండుకి నెలల దూరంలో ఉన్న స్టేషన్లలో, అంటే నేవీ పంచుకున్న సముద్ర ప్రాంతాల్లో, ఒంటరిగా తిరుగుతూ జెండా చూపించే రకం. పొడవు 170 అడుగులు, బరువు పదకొండు వందల టన్నుల పైన, ఆవిరి ఇంజనూ ఉంది, మూడు కొయ్యల తెరచాపలూ ఉన్నాయి, ఇంజను మీద పది నాట్ల దగ్గర్లో, అంటే గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల చిల్లర, పోతుంది అంతే. 7 అంగుళాల ఫిరంగులు రెండు, 64 పౌన్ల గుండు వేసేవి నాలుగు. ఒళ్లు కాంపోజిట్, అంటే లోపల ఎముకలన్నీ ఇనుము, పైన తొడిగింది చెక్క, ఆ చెక్క మీద నీళ్లలో ఉండే భాగానికి రాగి రేకు. ఇదేం పిచ్చి డిజైన్, ఇనుము వచ్చాక కూడా చెక్క ఎందుకు అనిపిస్తుంది కానీ దానికి కారణం ఉంది. వేడి సముద్రాల్లో ఓడ అడుగుకి నాచూ గుల్లలూ పట్టేస్తాయి, పట్టకుండా ఉండాలంటే రాగి రేకు కొట్టాలి, ఇనుప ఓడకి నేరుగా రాగి కొడితే ఉప్పునీళ్లలో ఆ రాగి ఇనుముని తినేస్తుంది. అందుకని మధ్యలో చెక్క పెట్టారు. ఓడని నీళ్లలోంచి తీసి అడుగు శుభ్రం చేసే డ్రై డాకు లేని చోట ఏళ్ల తరబడి తిరగాల్సిన ఓడ కదా మరి. తెరచాపలు కూడా అందుకే, పసిఫిక్ మధ్యలో బొగ్గు ఎవడిస్తాడు.

మొదట పసిఫిక్ స్టేషన్‌లో కొన్నేళ్లు తిరిగింది, తర్వాత 1880ల్లో ఈస్ట్ ఇండీస్ స్టేషన్, అంటే మన హిందూ మహాసముద్రం వైపు. అక్కడివరకూ దీని కథలో పెద్దగా ఏమీ లేదు, దాటేద్దాం. 1889లో బ్రిటన్‌లో నేవల్ డిఫెన్స్ యాక్ట్ వచ్చింది, ఉక్కు క్రూయిజర్లు వరసబెట్టి కట్టడం మొదలెట్టారు, వాటి ముందు ఈ చెక్క స్లూపులు ఎందుకూ పనికిరావు. తర్వాత కొన్నేళ్లకి బ్రిటిష్ నేవీ పెద్ద అడ్మిరల్ ఫిషర్ ఇలాంటి ఓడల్ని ఉద్దేశించే అన్నాడు, పోట్లాడ్డానికి బలం చాలదు, పారిపోవడానికి వేగం చాలదు అని, అని ఊరుకోకుండా దొరికినవాటిని దొరికినట్టు తీసేశాడు కూడా. పెంగ్విన్ ఆ కత్తెరకి దొరకలేదు, ఎందుకంటే 1890 నాటికే దాన్ని సర్వే ఓడగా, అంటే లోతులు కొలిచి ఓడల వాళ్లకి చార్టులు (సముద్రపు మ్యాపులు) గీసే ఓడగా మార్చేశారు.

నాకు నచ్చే పాయింట్ ఇక్కడే ఉంది. యుద్ధానికి పనికిరాకుండా చేసిన గుణాలే సర్వేకి పనికొచ్చాయి. సర్వే ఓడకి స్పీడెందుకు? నెమ్మదిగా పోవాలి, బొగ్గు తక్కువ తినాలి, నెలల తరబడి రేవు మొహం చూడకుండా ఉండగలగాలి, పడవలు దింపడానికి జాగా ఉండాలి, పగడపు దిబ్బల మధ్యలోకి దూరగలిగేంత చిన్నదిగా ఉండాలి. అన్నీ కుదిరాయి. అలా మొదలుపెట్టి ఆస్ట్రేలియా వాయవ్య తీరం, గ్రేట్ బ్యారియర్ రీఫ్, న్యూజిలాండ్, పశ్చిమ పసిఫిక్ దీవులు, 1908 దాకా కొలుస్తూనే ఉంది.

కొలవడం అని ఒక్క మాటలో తేలిగ్గా అనేశాను గానీ, ఆ పని ఎలా చేసేవాళ్లో తెలిస్తే తల తిరుగుతుంది. ఓడ లంగరు వేస్తుంది, పడవలు బయల్దేరతాయి. పడవ ముందు భాగంలో ఒకడు తాడుకి కట్టిన సీసం గుండు పట్టుకుని నిలబడతాడు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది, ఆ గుంటలో జంతువుల కొవ్వు ముద్ద కూరతారు. గుండు అడుగుకి తగిలినప్పుడు ఆ కొవ్వుకి ఇసుకో బురదో గుల్ల ముక్కలో అంటుకుని పైకొస్తుంది, బండ అయితే ఏమీ అంటుకోదు, గీత మాత్రం పడుతుంది. అంటే ఒక్క దెబ్బకి రెండు విషయాలు, ఎంత లోతు, అడుగున ఏముంది. లంగరు వేసేవాడికి రెండోది ఇంకా ముఖ్యం, బండ మీద లంగరు పట్టదు కదా. వాడు లోతు అరుస్తాడు, అదే క్షణంలో ఇద్దరు ఆఫీసర్లు కోణాలు కొలిచే సెక్స్‌టెంట్లు పట్టుకుని ఒడ్డు మీద పాతిన మూడు గుర్తుల మధ్య రెండు కోణాలు చూస్తారు, ఆ రెండు కోణాల్నీ మూడు చేతులుండే ఒక ఇత్తడి పరికరంలో పెట్టి కాగితం మీద ఆనిస్తే పడవ సరిగ్గా ఎక్కడుందో చుక్క పడుతుంది. ఆ చుక్క పక్కన అంకె. మళ్లీ పడవ కొంచెం ముందుకి. మళ్లీ గుండు. ఇలా రోజంతా, ఎండలో, అలల మీద ఊగుతూ, వరసలు వరసలుగా, పొలంలో నాగలి చాళ్లు తోలినట్టు. చార్టు మీద చీమల్లా కనబడే వేల అంకెల్లో ప్రతి అంకె వెనకా ఒకడి భుజం నొప్పి ఉందన్నమాట. ఇప్పుడు శబ్దంతో లోతు కొలిచే మల్టీబీమ్ సోనార్‌లొచ్చి గంటలో తేల్చేస్తున్నాయి, అది వేరే సంగతి.

ఇక లోతు సముద్రం కథ వేరు. అక్కడ తాడు పనికిరాదు, దాని బరువుకి అదే తెగుతుంది, అడుగు తగిలిందో లేదో కూడా తెలియదు. అందుకని పియానో తీగ, సన్నటి ఉక్కు తీగ, చక్రానికి చుట్టి మిషన్‌తో వదిలేవాళ్లు, కింద కట్టిన బరువు అడుగుకి తగలగానే చక్రం ఆగేలా బ్రేకు, బరువుని అక్కడే వదిలేసి తీగని మాత్రం వెనక్కి చుట్టుకోవాలి. 1895లో పెంగ్విన్ టోంగాకి దక్షిణంగా, న్యూజిలాండ్‌కి ఈశాన్యంగా ఉన్న సముద్రంలో ఇలాగే తీగ వదిలింది. 4,900 ఫాథమ్‌లు పోయింది, ఇంకా అడుగు తగల్లేదు, తీగ తెగింది. ఫాథమ్ అంటే మన బార, ఆరు అడుగులు. అంటే దాదాపు 8,960 మీటర్లు, ఎవరెస్టుని తీసుకెళ్లి అక్కడ దింపితే మొత్తం మునిగిపోతుంది, అంత దూరం పోయాక తెగిందది. ఆ డెక్కు మీద ఉన్నవాళ్ల మొహాలు ఎలా ఉండుంటాయో నేను చాలాసార్లు ఊహించుకున్నా. తర్వాత మళ్లీ అదే వైపు ప్రయత్నించి అడుగు పట్టుకున్నారు, ఐదు వేల ఫాథమ్‌లు దాటిన లోతులు మూడు దొరికాయి, వాటిలో పెద్దది 5,155 ఫాథమ్‌లు, 9,427 మీటర్లు. అప్పటిదాకా మనుషులు కొలిచిన అన్నిటికన్నా లోతు అదే, 1874లో అమెరికా ఓడ టస్కరోరా జపాన్ పైన కురిల్ దీవుల దగ్గర కొలిచిన 4,655ని కొట్టేసింది. నాలుగేళ్లకి 1899లో ఇంకో అమెరికా ఓడ నీరో గ్వామ్ దగ్గర 5,269 కొలిచి దీన్నీ కొట్టేసిందనుకోండి. ఇవాళ ఆ చోటుని కెర్మడెక్ ట్రెంచ్ అంటున్నాం. ఎందుకంత లోతుగా ఉందో ఆ ఓడలో ఎవరికీ తెలియదు, పసిఫిక్ ప్లేటు అక్కడ కిందకి దూరుతోంది అని తెలియడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. తెలియకపోయినా అంకె రాసిపెట్టారు.

ఇప్పుడు అసలు కథ, పసిఫిక్‌లోని ఫునాఫుటి అనే పగడపు దీవి. ఈ కథకి మూలం డార్విన్. ఆయన పరిణామవాదం కంటే ముందు, 1842లో, పగడపు దీవుల మీద పుస్తకం రాశాడు. పసిఫిక్‌లో ఉంగరంలా గుండ్రంగా ఉండి మధ్యలో సరస్సులాంటి నీళ్లుండే దీవులుంటాయి, అటోల్ అంటారు. ఇవెలా వచ్చాయి అంటే డార్విన్ చెప్పింది ఇది: ముందు అగ్నిపర్వతం ఒకటి ఉండేది, దాని చుట్టూ ఒడ్డున పగడాలు పెరిగాయి, పర్వతం నెమ్మదిగా కుంగుతుంటే పగడాలు మాత్రం వెలుగు కోసం పైపైకి పెరుగుతూ వచ్చాయి, చివరికి పర్వతం మాయమై ఉంగరం మిగిలింది. ఎంత అందమైన ఆలోచనో. కానీ చాలెంజర్ అనే ఓడ మీద సముద్రాల్ని పరిశోధించే యాత్రలో తిరిగొచ్చిన శాస్త్రవేత్త జాన్ ముర్రే 1880లో అబ్బే అదేం కాదన్నాడు, సముద్రం అడుగున మట్టీ గుల్లలూ పేరుకుని దిబ్బ ఎత్తయ్యాక దాని నెత్తి మీద పగడాలు పెరిగాయి, కుంగడం అక్కర్లేదు అన్నాడు. తేల్చాలంటే ఒకటే దారి, బోరు వెయ్యాలి. డార్విన్ చనిపోవడానికి ఏడాది ముందు 1881లో అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండర్ అగాసిజ్‌కి రాసిన ఉత్తరంలో, బాగా డబ్బున్న కోటీశ్వరుడెవడైనా పూనుకుని ఓ అటోల్‌లో ఐదారు వందల అడుగులు బోరు వేయిస్తే బాగుండు అని వాపోయాడు పాపం.

కోటీశ్వరుడు రాలేదు, పెంగ్విన్ వచ్చింది. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ వాళ్లు కమిటీ వేశారు, న్యూ సౌత్ వేల్స్ గవర్నమెంటు డైమండ్ డ్రిల్లు ఇచ్చింది, నేవీ ఓడనిచ్చింది. 1896 మే నెలలో కెప్టెన్ మోస్టిన్ ఫీల్డ్ ఆధ్వర్యంలో పెంగ్విన్, భూగర్భ శాస్త్రవేత్త ప్రొఫెసర్ సోలస్‌నీ ఆయన టీమునీ డ్రిల్లునీ బాయిలర్‌నీ పైపుల్నీ మోసుకుని ఎలిస్ దీవుల్లోని ఫునాఫుటికి చేరింది, ఇప్పుడు టువాలు అంటున్నామే, ఆ దేశం.

ఇక్కడ మనవాళ్లకి వివరంగా చెప్పక్కర్లేదు, బోరు బాధ తెలియని ఇల్లు మన దగ్గర లేదు. అనంతపురంలో రైతు బండ పడి ఏడుస్తాడు, గోదావరి లంకల్లో ఇసుక కూలి ఏడుస్తారు. ఫునాఫుటిలో రెండూ ఒకేచోట ఉన్నాయి. పైకి గట్టి పగడపు రాయిలా కనబడుతుంది, కిందకి పోతే రాయి ముక్కలు, మధ్యలో బురబుర ఇసుక, అందులో సముద్రం నీళ్లు. కేసింగ్ దించితే ఇసుక లోపలికి తన్నుకొస్తుంది, పైపు బిగుసుకుంటుంది, డ్రిల్లుకి రాయి తగిలితే పక్కకి జారుతుంది. మొదటి బోరు 105 అడుగుల దగ్గర ఆగిపోయింది, చోటు మార్చి ఇంకోటి వేశారు, అది 72 అడుగులకే చచ్చింది. అంతే, సామాను సర్దుకుని వచ్చేశారు. ఇంత దూరం ఒక నేవీ ఓడ వెళ్లి, డార్విన్ కలని 72 అడుగుల కంతలో వదిలేసి రావడం, పేపర్ల వాళ్ల దృష్టిలో ఫెయిల్యూరే.

కానీ సోలస్ ఒడ్డున పైపులతో కుస్తీ పడుతున్నంతసేపూ కెప్టెన్ ఫీల్డ్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఎలాగూ ఇక్కడే ఉన్నాం కదా అని పడవలు దింపి లోపలి సరస్సుని కొలిచాడు, బయట అటోల్ గోడ సముద్రంలోకి ఎంత నిటారుగా దిగుతోందో చుట్టూ కొలిచాడు. అటోల్ బయటి ఆకారం చాలా జాగ్రత్తగా తీశాడు. సిడ్నీ మ్యూజియం నుంచి వచ్చిన చార్లెస్ హెడ్లీ గుల్లల దగ్గర్నుంచి గుడిసెల దాకా అన్నీ రాసుకున్నాడు. ఎవరూ ముఖ్యం అనుకోని పని అన్నమాట, హెడ్‌లైన్ పని కాదు.

మరుసటేడు 1897లో సిడ్నీ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్జ్‌వర్త్ డేవిడ్ మళ్లీ వెళ్లాడు. డబ్బు సిడ్నీలో ఈడిత్ వాకర్ అనే సంపన్నురాలి దగ్గర్నుంచి కొంత, గవర్నమెంటు కొంత. ఈసారి 557 అడుగులు దిగారు, ఆయన వెనక్కొచ్చేశాక మిగిలినవాళ్లు 698కి తీసుకెళ్లారు, 1898లో ఆల్ఫ్రెడ్ ఫింక్ వెళ్లి అదే బోరుని 1,114 అడుగులకి దించాడు. డేవిడ్ భార్య కారొలిన్ కూడా 1897లో వెళ్లింది. ఆవిడ 1899లో రాసిన పుస్తకానికి, ఇది ఒక సైంటిఫిక్ యాత్ర మీద అన్‌సైంటిఫిక్ కథనం అని ఉపశీర్షిక పెట్టుకుంది. రాయల్ సొసైటీ వాళ్ల లావుపాటి రిపోర్టులో కనబడని మనుషులంతా ఆవిడ పుస్తకంలోనే కనబడతారు.

మరి 1,114 అడుగుల దగ్గర ఏం దొరికింది? పైనుంచి కింద దాకా పగడపు సున్నపురాయే. అగ్నిపర్వతం రాయి తగల్లేదు. డార్విన్ వాళ్లు చూశారా, అంత లోతులో పగడాలు బతకవు కాబట్టి అవి కుంగినట్టే కదా అన్నారు, ముర్రే వాళ్లు అబ్బే అది దీవి అంచున విరిగి జారిపడ్డ గుట్ట, మీరు గుట్టలో బోరు వేశారు అన్నారు. 1904లో రిపోర్టు అచ్చయింది, తగువు తెగలేదు. తెగింది ఎప్పుడంటే 1950ల మొదట్లో, అమెరికా వాళ్లు మార్షల్ దీవుల్లో ఎనివెటాక్ దగ్గర నాలుగు వేల అడుగులకి పైగా బోరు వేసి బసాల్ట్ అనే అగ్నిపర్వతపు రాయి పట్టుకున్నప్పుడు. డార్వినే కరెక్టు. ఆ బోరు ఎందుకు వేశారంటే అక్కడ అణుబాంబులు పేల్చబోతున్నారు కాబట్టి, కిందేముందో తెలుసుకోవాలి కాబట్టి. డార్విన్ అడిగిన కోటీశ్వరుడు చివరికి ఆ వేషంలో వచ్చాడు, దీని గురించి నవ్వాలో ఏం చెయ్యాలో నాకింకా తెలీదు.

అంటే ఫునాఫుటిలో ఏ ప్రశ్న కోసం వెళ్లారో దానికి జవాబు దొరకలేదు. దొరికింది ఇంకోటి, దాని విలువ తెలియడానికి నూటపదేళ్లు పట్టింది.

మా బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టారు, టువాలు మునిగిపోతుందని ముప్పై ఏళ్లుగా భయపెడుతున్నారు, తీరా కొలిస్తే దీవులు పెరిగాయట, క్లైమేట్ చేంజ్ అంతా డ్రామా అని. కింద మా కజిన్, ఆవిడ ఎన్విరాన్‌మెంట్ మనిషి, అబద్ధం బావా అని ఓ మోకాళ్ల లోతు నీళ్లలో సూటు వేసుకుని నిలబడి మాట్లాడుతున్న మంత్రి ఫోటో పెట్టింది. 2021లో టువాలు విదేశాంగ మంత్రి సైమన్ కోఫే గ్లాస్గో వాతావరణ సదస్సుకి పంపిన వీడియో అది. ఇద్దరూ తగ్గలేదు. తమాషా ఏంటంటే ఇద్దరి దగ్గరా ఉన్నది నిజంలో సగమే, మిగతా సగం ఉన్నది ఆ పాత మ్యాపుల్లో.

దీవులు పెరిగాయి అన్న మాట ఊరికే పుట్టింది కాదు. ఆక్లాండ్ యూనివర్సిటీ పాల్ కెంచ్, ఆయనతో పాటు ఇంకొందరు 2015లో జియాలజీ పత్రికలో వేసిన పేపరు అది. ఫునాఫుటి అటోల్ అంచుమీది దీవుల్ని 1897 నుంచి 2013 దాకా పోల్చారు. అక్కడ సముద్ర మట్టం గత అరవై ఏళ్లలో సుమారు 30 సెంటీమీటర్లు పెరిగింది, ప్రపంచ సగటు కంటే బాగా ఎక్కువ, అయినా ఒక్క దీవీ మాయం కాలేదు, మొత్తం విస్తీర్ణం 7.3 శాతం పెరిగింది. ఎలా అంటే పగడపు దీవి బండరాయి కాదు, రీఫ్ (నీళ్లలోని పగడపు దిబ్బ) మీద విరిగిన ముక్కలూ ఇసుకా తుఫాన్లకి కొట్టుకొచ్చి పేరుకునే కుప్ప. 1972లో బేబే తుఫాను ఒక్క రాత్రిలో ఫునాఫుటి అంచున మనిషికి రెండింతలెత్తు పగడపు రాళ్ల గట్టుని పద్దెనిమిది పందొమ్మిది కిలోమీటర్ల పొడుగునా లేపింది. ఇళ్లన్నీ పీకేసింది, కానీ దీవికి కావలసిన ముడిసరుకు కూడా అదే పోసింది.

మరి ఈ పోలికకి మొదటి కొస ఎక్కడిది? శాటిలైట్ ఫోటోలు 1897లో లేవు. ఆ ఏడు డేవిడ్, ఆయన తోటి జార్జ్ స్వీట్ దీవులన్నీ కాలినడకన తిరిగి గీసిన మ్యాపులవి, బోరు పనితో పాటు చేసిన పక్క పని. దానికి ముందు ఏడు పెంగ్విన్ తీసిన చార్టు. బోరు కోసం వెళ్లిన యాత్ర ఇచ్చిన బోరు కాని సరుకు.

బావగారూ, తొందరపడి సంబరపడకండి, అదే పాత కాగితాలు ఇంకో కథ కూడా చెప్తాయి. 2007లో జపాన్‌కి చెందిన యమానో బృందం ఫునాఫుటిలో జనం ఎక్కువుండే ఫొంగఫాలే దీవినే తీసుకుని 1896 నుంచి 108 ఏళ్ల సమాచారం పేర్చి చూశారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నేలలోంచి నీళ్లు ఉబికి ఇళ్లలోకి వస్తున్నాయే, ఆ చోట్లు పాత మ్యాపులో చూస్తే చాలావరకూ చిత్తడి నేలలు. అప్పట్లో అక్కడ ఎవరూ ఇల్లు కట్టుకోలేదు, తెలిసినవాళ్లు కదా. రెండో ప్రపంచ యుద్ధంలో 1942-43లో అమెరికా వాళ్లొచ్చి విమానాల రన్‌వే కోసం నేల తవ్వారు, పూడ్చారు, తర్వాత అది రాజధాని అయింది, బయటి దీవుల జనం వచ్చి చేరారు, చిత్తడి మీదకి ఊరు పాకింది. అంటే నీళ్లు రావడానికి ఊరు పెరగడమూ కారణమే, సముద్రం పెరగడమూ కారణమే, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. విస్తీర్ణం పెరిగితే ఎత్తు పెరిగినట్టు కాదు, తాగే నీళ్లు ఉప్పగా మారకుండా ఆగినట్టూ కాదు. టువాలు మొత్తం మీద పది పదకొండు వేల జనం, సగానికి పైగా ఫునాఫుటిలోనే. 2023లో ఆస్ట్రేలియాతో ఒప్పందం చేసుకున్నారు, ఏడాదికి 280 మంది అక్కడికెళ్లి స్థిరపడొచ్చు. దీవి పెరుగుతోంది కదా అని ఎవరూ ఆ వీసా వద్దనుకోవట్లేదు మరి.

ఇదండీ నా గోల. మొదటి కొలత లేకపోతే ఈ వాదనే లేదు, బావగారికీ లేదు, మా కజిన్‌కీ లేదు, ఇద్దరూ నోరు బలాన్ని బట్టి గెలిచేవాళ్లు.

ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు, నేనూ అడుక్కున్నా, ఏంటయ్యా బ్రిటిష్ నేవీకి భజన చేస్తున్నావని. చెయ్యట్లేదు. చార్టులు ఎందుకు గీశారో అందరికీ తెలుసు, వాళ్ల ఓడలు రీఫ్ ఎక్కకుండా, వాళ్ల బొగ్గు డిపోలు ఎక్కడ పెట్టాలో తెలియడానికి, టెలిగ్రాఫ్ తీగలు ఎక్కడ పరవాలో తెలియడానికి. పెంగ్విన్ రావడానికి నాలుగేళ్ల ముందే, 1892 అక్టోబరులో, హెచ్ఎంఎస్ కురసోవా అనే ఓడ కెప్టెన్ గిబ్సన్ ఎలిస్ దీవులన్నీ వరసగా తిరిగి ఇక మీరు బ్రిటిష్ రక్షణలో ఉన్నారు అని జెండా ఎగరేసి పోయాడు. అంతకు ముందు 1863లో పెరూ బానిస వ్యాపారుల ఓడలొచ్చి ఫునాఫుటి నుంచీ నుకులైలై నుంచీ నాలుగొందల మంది దాకా ఎత్తుకుపోతే ఆ రక్షణ ఎక్కడుందో మరి. సముద్రం మీద కనబడ్డ ప్రతి ఓడా ఆ జనానికి ఏదో ఒకటి తీసుకుపోవడానికే వచ్చింది, పెంగ్విన్ తీసుకుపోయింది లోతులూ రాళ్లూ. కానీ బ్రిటిష్ నేవీని నడిపే అడ్మిరాల్టీ ఆ చార్టుల్ని దాచిపెట్టుకోలేదు, అచ్చేసి కొనేవాడికి అమ్మింది, రాయల్ సొసైటీ మ్యాపులతో సహా రిపోర్టు అచ్చేసింది. దురుద్దేశంతో కొలిచినా అంకె సరిగ్గా ఉంటే అది ఒకరి సొత్తుగా ఉండిపోదు. టువాలు ఇవాళ తన సరిహద్దులు సముద్రం పెరిగినా మారవు అని ప్రపంచాన్ని ఒప్పించడానికి తిరుగుతోంది, సరిహద్దు అనే మాటే ఒడ్డు ఎక్కడుందో కొలిచినవాడి దగ్గర మొదలవుతుంది కదా.

ఓడ ఏమైందో చెప్పలేదు. 1908లో సర్వే పని ఆపి సిడ్నీలో డిపో ఓడగా కట్టేశారు, 1913లో కొత్తగా పుట్టిన ఆస్ట్రేలియా నేవీకి ఇచ్చేశారు, 1924లో అమ్మేశారు, కొన్నవాళ్లు మీద క్రేను బిగించి హార్బర్‌లో బరువులెత్తించారు. దాని దగ్గరి చుట్టం గానెట్ అనే స్లూపుని మాత్రం ఇంగ్లాండులో చాథమ్ డాక్‌యార్డులో చక్కగా బాగుచేసి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. పెంగ్విన్‌కి ఆ యోగం పట్టలేదు. పేరు మాత్రం సిడ్నీలోనే బాల్మోరల్ దగ్గర నేవీ బేస్‌కి ఉంది, ఆస్ట్రేలియా నేవీకి సర్వే నేర్పే స్కూలు చాలా ఏళ్లు ఆ బేస్‌లోనే నడిచింది.

ఇదంతా చదివాక నాకు కుదురుగా ఉండబుద్ధి కాలేదు, ఎందుకంటే మన ఉప్పాడ ఉంది. కాకినాడ అవతల ఉప్పాడ ఒడ్డు ప్రతి వాయుగుండానికీ కోసుకుపోవడం, బీచ్ రోడ్డు కొట్టుకుపోవడం, మళ్లీ రాళ్లు పోయడం మనకి మామూలైపోయింది. నేషనల్ సెంటర్ ఫర్ కోస్టల్ రిసర్చ్ వాళ్లు 1990 నుంచి 2018 దాకా చూసి ఆంధ్ర తీరంలో 28.7 శాతం కోతకి గురవుతోందని తేల్చారు. మంచి పనే. కానీ 1990 ఎందుకంటే శాటిలైట్ బొమ్మల మీద చేసిన లెక్క కాబట్టి. గోదావరి మీద ఆనకట్ట కట్టింది 1852కల్లా, పైన పెద్ద పెద్ద డ్యాములు కట్టింది ఇరవయ్యో శతాబ్దంలో, ఒండ్రు రావడం తగ్గింది అప్పట్నుంచి, డెల్టా ఒడ్డు వెనక్కి పోవడానికి అదో పెద్ద కారణమని ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లే పాత టోపోషీట్లు (సర్వే వాళ్ల నేల మ్యాపులు) పెట్టి చూపించారు. అసలు కథ మొదలయ్యాక ఎప్పటికో వచ్చిన ఏడాది 1990.

కాకినాడ రేవుకి పంతొమ్మిదో శతాబ్దంలోనే చార్టులున్నాయి, ఎవరో పెంగ్విన్‌లోని వాళ్లలాగే కొవ్వు పూసిన సీసం గుండు విసిరి విసిరి గీసినవే. సర్వే ఆఫ్ ఇండియా షీట్లున్నాయి. మన నేవీ సర్వే ఓడలకి విశాఖే పెద్ద ఇల్లు, పాత సంధాయక్ నలభై ఏళ్లు పనిచేసి 2021లో అక్కడే రిటైరైంది, కొత్త సంధాయక్ 2024 ఫిబ్రవరిలో అక్కడే కమిషన్ అయింది. పాత కొలతలకి రక్షణ రహస్యం అనే ముద్ర ఎంతవరకు అవసరమో నాకు అర్థం కాదు, వందేళ్ల నాటి ఒడ్డు గీత తెలుసుకుని శత్రువు చేసేదేముంది, ఆ ఇసుక ఇప్పుడు అక్కడ లేదు కదా. జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల పని) చదివిన పిల్లలెవరైనా దీన్ని చదువుతుంటే, ప్రాజెక్టు కోసం మళ్లీ అదే శాటిలైట్ డేటా దించుకోకుండా ఒక్క పాత కాకినాడ చార్టు స్కాను సంపాదించి, దాని మీద ఇవాళ్టి ఉప్పాడ ఒడ్డు గీత పెట్టి చూడండి, పెట్టినవాళ్లు నాకూ ఒక కాపీ పంపండి, బావగారి గ్రూపులో నేనే పెడతా.